పైవాడి దయ

కాలువ చివరి పొలం పిన్నిది. నీళ్లెప్పుడొస్తాయని ఎవరడిగినా "అంతా పైవాడి దయ" అని మూతి తిప్పేది. పైవాడంటే దేవుడు కాదు, ఎగువ పొలం మరిది.

ఈ ఏడు కాలువ ఇంజినీరమ్మ వంతుల లెక్క కంప్యూటరుకు అప్పజెప్పింది. ఏ వరసలో వదిలితే నీళ్లు వృథా కాకుండా అన్ని పొలాలూ తడుస్తాయో వెతికి, చివరి పొలంతో మొదలుపెట్టమంది అది.

"దానికి మతి పోయింది" అంది పిన్ని. కానీ నీళ్లొచ్చాయి, మడి నిండా.

ఇంతలో మరిది గట్టు మీద పరుగెత్తుకొచ్చాడు. "వదినా, నీ తూము మూస్తే గానీ నాకు రావట! ఎప్పుడు మూస్తావు?"

"చూద్దాంలే" అంది, అచ్చం ఏటా అతను తనతో అన్నట్టే. అతని మొహం వాడిపోవడం తనివితీరా చూసి, వంతు ఇంకా మిగిలుండగానే తూము తలుపు దించేసింది.

"పో, ఇవాళ్టికి కిందవాళ్ల దయ!"