మూతలోని పిల్ల

ఖాదర్ హుస్సేన్ కారు నడిపే షార్జా బంగళాకు ఆ జపాను పెట్టె వచ్చినప్పుడు, దాని మూత మీద ముదురు గోధుమ రంగు నునుపు తప్ప ఇంకేమీ లేదు. రెండేళ్ల తర్వాత, 2006 వేసవిలో, దుమ్ము తుడుస్తూ వంటమనిషి గుల్జార్ బేగం మొదట చూసింది. ఇద్దరిదీ రాయచోటి వైపే.

"ఖాదర్ భాయ్, మూతలో యెవురో పిల్ల ఉండాది."

"కండ్లద్దాలు తుడుచుకో బూబూ. అది మరక."

"మరకకు జడ ఉంటాదా?"

ఖాదర్ వంగి చూశాడు. జడ ఉంది. భుజాలూ ఉన్నాయి. వారాలు గడిచేకొద్దీ ఆ పిల్ల నీళ్లలోంచి లేచినట్టు పైకి తేలసాగింది. యజమానురాలు హడలిపోయి, పెట్టె చేసిన మనిషినే జపాను నుంచి పిలిపించింది. శుక్రవారం చుట్టాలు వచ్చేలోగా ఆ బొమ్మను కప్పేయకపోతే పెట్టెను తగలబెట్టిస్తానంది.

కితాగావా డెబ్బై దాటిన మనిషి. పెట్టెను చూడగానే దాని ముందు నేల మీద చతికిలబడ్డాడు. ఆయన ఇంగ్లీషు ముక్కలూ ఖాదర్ ఇంగ్లీషు ముక్కలూ కలిస్తే ఒక మాట అయ్యేది. అలా కూడదీసుకుంటే తెలిసింది ఇదీ.

అది ఆయన తొలి పని. చెల్లెలు నాచు ఏరడానికి సముద్రంలోకి పోయి తిరిగి రాలేదు. ఫొటో ఒక్కటీ లేదు. ఏడాది తిరిగేసరికి ఆమె ముఖం మనసులోంచి చెరిగిపోయింది. అందుకే మూత మీద బంగారు పొడితో, అటు తిరిగి నిలబడ్డ పిల్లను వేశాడు. తల్లి చూడలేక ఏడిస్తే పూత మీద పూత వేసి కప్పేశాడు.

"ఇది రంగు కాదు, చెట్టు పాలు," అన్నాడు. "ఏళ్లు గడిస్తే తేటపడుతుంది. కిందిది పైకి కనబడుతుంది. అప్పటికి నేనుండననుకున్నా."

గుల్జార్ ఖాదర్ చెవిలో గొణిగింది. "అటు తిరిగిందంటాడే? నిన్న చెవి కనపడె. ఈ పొద్దు చెంప గూడా."

ఖాదర్ ఆ మాట చెప్పాడు. ముసలాయన మూత మీదికి వంగాడు. ఆ పిల్లకు ఆయన చెవి గీయలేదు. చెంప అసలే గీయలేదు.

"కొన్నాళ్లు ఆగండమ్మా," అని యజమానురాలిని చేతులు జోడించి అడిగాడు. "ఇటు తిరుగుతోంది. ఒక్కసారి ముఖం చూసుకోనివ్వండి."

"ఖలాస్," అందామె. "ఈరోజే."

నల్లటి పూత వేశాడు. ఆ చెట్టు పాలు ఎండకు ఆరవట, తేమలోనే గట్టిపడతాయట. గుల్జార్ ఒక అలమారాలో తడి గుడ్డలు వేలాడదీసి పెట్టెను అందులో ఉంచింది. మర్నాడు పొద్దున తలుపు తీస్తే గుప్పున నాచు వాసన కొట్టింది. మూతంతా రాయిలా గట్టిపడింది. ముఖం ఉండాల్సిన చోట మాత్రం అరచేతి మేర పచ్చిగా ఉంది.

ముసలాయన గుడ్డతో తుడిచాడు. కింద, ఇటు తిరిగిన ముఖం.

చాలాసేపు చూశాడు.

"మీ చెల్లెలేనా సాబ్?" ఖాదర్ అడిగాడు.

"తెలియడం లేదు. మరిచిపోయిన ముఖాన్ని ఎట్లా పోల్చుకోను?"

మెట్ల మీద యజమానురాలి చెప్పుల చప్పుడు వినబడింది. ముసలాయన కుంచెను నల్లపాలలో ముంచాడు. ఆడవాళ్ల తలవెంట్రుకలతో కట్టిన కుంచె అది. కళ్లు మూసుకుని ఆ ముఖం మీద గీశాడు. సగంలో కుంచె ఆగిపోయింది. ఆరడానికి రాత్రంతా పట్టాల్సిన పూత ఆ క్షణంలోనే గట్టిపడి దాన్ని కరిచి పట్టుకుంది.

"లాగండి సాబ్, లాగండి!"

ముసలాయన లాగలేదు. లోపలినుంచే ఎవరో కుంచెను రెండుసార్లు మెల్లగా గుంజారు. ఆయన కళ్లు తెరిచాడు.

"పడుకునేటప్పుడు నా చొక్కా అంచు ఇట్లాగే పట్టుకుని గుంజేది," అన్నాడు. "ఇది నా చెల్లెలే."

యజమానురాలు గుమ్మంలో నిలబడి అరుస్తున్నా ఆయన కుంచె వదల్లేదు.