పూడ్చిన చెలిమెలు

లారీలు మళ్లీ వాగులోకి దిగాయి. ఈసారి వెనుక పోలీసు జీపు కూడా ఉంది. ఊరంతా ఒడ్డున నిలబడి చూస్తోంది. ఈదమ్మ మాత్రం దూరంగా తుమ్మచెట్టు కింద ఒక్కతే కూర్చుంది. ఆమె పక్కకు ఎవరూ రాలేదు.

మోత్కూరు అవతలి ఆ ఊళ్లో ఎండాకాలం బావుల్లో చెంబు మునగదు. అప్పుడు వాగే దిక్కు. ఇసుకలో మోకాటిలోతు తవ్వితే నీళ్లు ఊరతాయి. ఆ గుంటే చెలిమె. ఇంటికొక చెలిమె, తాతల నాటినుంచి ఎవరి జాగా వాళ్లదే. ఆ వాగు ఇసుకను సర్కారు ఒక గుత్తేదారుకు గుత్తకిచ్చింది. ఇసుక పోతే జనం ఏం తాగుతారని అడిగే తీరిక సర్కారుకెక్కడిది?

ఊరు కోర్టుకెక్కింది. రైతు సంఘం సైదులు వకీలును పెట్టాడు. జనం వాగును వాడుతున్నారో లేదో కళ్లారా చూసి రమ్మని కోర్టు తన ఉద్యోగి అమీనును పంపింది. వాడుతున్నారని రాస్తే వాగు ఊరిది, లేదని రాస్తే గుత్తేదారుది.

అక్కడే కొంప మునిగింది. నీళ్లు తోడుకున్నాక, కుక్కలు మూతి పెట్టకుండా చెలిమెను ఇసుకతో పూడ్చి రావడం ఆ ఆడవాళ్ల అలవాటు. అమీను వచ్చే పొద్దున ఈదమ్మే అందరికీ చెప్పింది. "పెద్దసారు వస్తుండు. చెలిమెల కాలు వడితె మనకే మాట. మంచిగ పూడ్చి చదును చెయ్యుండ్రి." చుట్టాలొస్తున్నారని వాకిలి అలికినట్టు వాగును తీర్చి పెట్టారు. అమీను బూట్లతో ఆ చదును మీద అటూ ఇటూ నడిచాడు. వాడుకున్న జాడ లేదని రాసుకుని, గుత్తేదారు కారులోనే వెళ్లిపోయాడు. మనవాళ్ల మర్యాదకు దక్కిన కూలి అది.

కేసు పోయింది. సంఘం మీటింగులో లచ్చయ్య లేచి, "గీ ముసల్దాని మాట విని ఊరును ఎండవెట్టుకున్నం" అన్నాడు. ఊరంతా అదే మాట అంది. ఈదమ్మ మొగడు నైజాం రోజుల్లో దళంతో పోయి తిరిగిరాలేదు. పిల్లల్లేరు. చుట్టాలంటే నీళ్ల దగ్గర పలకరించే ఈ ఆడవాళ్లే. అత్తా అని నోరారా పిలిచే పక్కింటి జంగమ్మ కూడా ఇప్పుడు మొహం తిప్పుకుని పోతోంది. ఈదమ్మ మాట్లాడే మనిషి లేక ఇంట్లో కోడితో మాట్లాడేది.

ఇప్పుడు లారీలతో వచ్చిన కూలీలు పారలు ఎత్తారు. ఈదమ్మ లేచింది. కుండ చంకన పెట్టుకుని, చెంబు పట్టుకుని, లారీకి ఎదురుగా తన జాగాలో మోకాళ్ల మీద కూర్చుని చేతులతో తవ్వసాగింది.

"అవ్వా, లే. కోర్టు ఆర్డరున్నది," అన్నాడు పోలీసు జమేదారు.

"ఉండనీ. నీళ్లు గూడ ఉన్నయి. అమీను సారు నన్ను అడిగిండా? అడిగితె గిట్లనే తవ్వి చూపెడుదు."

ఒడ్డున ఎవరూ కదల్లేదు. ఆ వాగులో ఆమె అంత ఒంటరిగా ఎన్నడూ లేదు. వేళ్ల సందున నీళ్లు ఊరాయి. చెంబుతో తోడి కుండలో పోసింది. ఆ చప్పుడు ఒడ్డుదాకా వినిపించింది.

జంగమ్మ దిగి వచ్చింది. లారీ ముందు చక్రం పక్కన, తన జాగాలో తవ్వడం మొదలుపెట్టింది. వెనుకే భద్రమ్మ, శ్యామలమ్మ, ఇంకెందరో. మొగవాళ్లకు సిగ్గేసింది. లచ్చయ్య పార పట్టుకుని వచ్చి తలొంచుకుని తవ్వాడు. చూస్తుండగానే లారీ చుట్టూ నీళ్ల గుంటలే అయ్యాయి.

"ఏం జూస్తున్నవ్? తోలు బండి," అని జీపు పక్కన నిలబడ్డ గుత్తేదారు, లారీ డ్రైవరు మీద అరిచాడు.

డ్రైవరు పెద్దులు ఇంజను ఆపేశాడు. "మా ఊర్ల మేం తాగేది గూడ గీ నీళ్లే దొరా. నాతోని కాదు."

పోలీసులు ఈదమ్మను రెక్క పట్టి జీపెక్కించారు. సైదులు తనంతట తనే వచ్చి ఆమె పక్కన కూర్చున్నాడు. జనం జీపును చుట్టుముట్టారు.

"జంగమ్మా," అంది ఈదమ్మ, "పొద్దుగూకినంక చెలిమెలు పూడ్చకుండ్రి. తెరిచే ఉండనియ్యుండ్రి."

"పూడ్చం అత్తా. కుక్కలు రాకుంట మేం కావలుంటం."

అత్తా అన్న మాట చెవిన పడ్డాకే ఈదమ్మకు ఏడుపొచ్చింది. జనం దారి విడిచాక జీపు ఒడ్డెక్కింది. ఆ సాయంత్రం ఆ వాగులో ఒక్క చెలిమె కూడా పూడ్చలేదు.