అచ్చు తేదీ

నారాయణగూడలోని ఒక ట్రస్టు కాలేజీ మూడో అంతస్తు నుంచి ఆర్నెల్లకోసారి వెలువడే ‘శ్రమ సమాజం’ అనే పరిశోధన పత్రికకు పాఠకులు ఇద్దరే ఇద్దరు. ఒకరు అచ్చువేసే ప్రెస్సతను, రెండోవారు ప్రూఫులు దిద్దే సహ సంపాదకురాలు నర్మద. ప్రెస్సతను కూడా పేజీ నంబర్ల వరకే చదివేవాడు. వ్యాసాలు రాసినవాళ్ళు తమ పేరు సరిగ్గా పడిందో లేదో చూసుకుని, పుస్తకాన్ని ఇంటర్వ్యూల ఫైల్లో దోపుకుని వెళ్ళిపోయేవారు.

అలాంటి పత్రికను అంతర్జాతీయ డేటాబేసులోకి ఎక్కించాలని దాని సంపాదకుడు ప్రొఫెసర్ పురుషోత్తం సంకల్పించాడు. ప్రపంచంలో ఎవరి వ్యాసాన్ని ఎవరు ఉదహరించారో రాసిపెట్టే చిట్టా అది. ఎక్కడో ఐరోపాలో ఉంటుంది. ఆ చిట్టాలో ఉన్న పత్రికలో వ్యాసం పడితే ఉద్యోగానికి పనికొస్తుంది, లేని పత్రికలో పడితే మిర్చిబజ్జీలు కట్టడానికి పనికొస్తుంది. సంకల్పం ప్రొఫెసరుది, చాకిరీ నర్మదది.

నర్మద ఆ కాలేజీలో పన్నెండేళ్ళుగా పార్ట్‌టైమ్ లెక్చరర్. ఏప్రిల్‌లో ఉద్యోగం ఊడుతుంది, జూన్‌లో ప్రొఫెసరు సంతకం పెడితే మళ్ళీ అతుక్కుంటుంది. ఏడాదికోసారి పుట్టి ఏడాదికోసారి చచ్చే ఉద్యోగం.

“పత్రిక లోపలికి పోయిన రోజు నీ పోస్టు పర్మనెంట్ బిడ్డా. సెలక్షన్ కమిటీ చైర్మన్ని నేనే గద” అన్నాడాయన.

వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఫరవాలేదంటారు. నర్మద ఆ మాట నమ్ముకుని కూర్చుంది. ఆమె తల్లి ఆశమ్మ కూడా కూర్చుంది. మహబూబ్‌నగర్ నుంచి మొగుడు మాసయ్యతో కలిసి వలస వచ్చిన మనిషి ఆమె. చిక్కడపల్లి నుంచి గాంధీనగర్ దాకా ఎన్ని అపార్టుమెంట్లకు ఇటుకలు మోసిందో ఆమెకే లెక్క తెలియదు. మాసయ్య పోయాడు, ఆమె నడుం పోయింది. ఇప్పుడు అశోక్ నగర్ వెనక బస్తీలో గడప మీద కూర్చుని, సాయంత్రం కూతురు రాగానే ఒకటే అడుగుతుంది: “పక్కా అయ్యిందానె?”

ఆ పక్కా కోసం నర్మద రెండేళ్ళు రాత్రనక పగలనక పనిచేసింది. విదేశాల్లో ఉన్న ప్రొఫెసర్లకు ఉత్తరాలు రాసి సలహామండలిలోకి రమ్మని బతిమాలింది. పాత సంచికలన్నీ ఒక్కో పేజీ స్కాన్ చేసి వెబ్‌సైటులో పెట్టింది. నైతిక నియమావళి కావాలని డేటాబేసువాళ్ళు అడిగితే అదీ తనే రాసింది. అందులో ముఖ్యమైన నియమం ఇది: ఒకే సరుకు రెండుచోట్ల కనిపిస్తే అచ్చు తేదీ ముందున్నది నిలుస్తుంది, వెనకది ఉపసంహరణ అవుతుంది. వేరే సాక్ష్యం చెల్లదు. అలా పోయిన వ్యాసం రాసినవారు అయిదేళ్ళ పాటు పత్రికలో ఏ బాధ్యతలోనూ ఉండరాదు.

“కత్తి లెక్క రాసినవ్ బిడ్డా” అని ప్రొఫెసర్ మెచ్చుకున్నాడు.

కత్తి చేతికొచ్చాక దేన్నో ఒకదాన్ని తెగ్గొట్టాలి కదా. కాపీలు పట్టే సాఫ్ట్‌వేరులో వేసి, బయటి పత్రికలతో పోలినవి పదకొండు వ్యాసాలు పట్టింది నర్మద. పదకొండింటినీ తీసిపారేసింది. చెప్పొద్దూ, ఆ పనిలో ఆమెకు కాస్త రుచి కూడా తగిలింది. పన్నెండేళ్ళు అందరికీ వంగి నమస్కారాలు పెట్టిన మనిషికి, ఇంకొకరు తన ముందు వంగి నిలబడటం ఎంత బాగుంటుందో అప్పుడే తెలిసింది.

వంగి నిలబడ్డవాళ్ళలో ఎల్లేష్ ఒకడు. అశోక్ నగర్ హాస్టల్లో ఉంటూ లెక్చరర్ పోస్టుకు చదువుకుంటున్న కుర్రవాడు. పొద్దున్నే పని కోసం కూలీలు నిలబడే అడ్డాల మీద అతను రాసిన వ్యాసం, అతని పాత లెక్చరర్ ఇంకో పత్రికలో అంతకుముందే వేసుకున్నదానితో కలిసింది. ఎర్రటి ఎండలో మూడంతస్తులెక్కి వచ్చి టేబుల్ మీద ఒక ప్రాజెక్టు రిపోర్టు పెట్టాడు.

“అక్కా, గది నేను రాసిందే. సూస్త అని తీస్కొని మా సార్ ఆయన పేరు మీద ఏసుకుండు. ఇగో, హెచ్‌ఓడీ సంతకం సూడు, తేదీ సూడు. ఆయనది అచ్చు కాకముందుదే.”

“సంతకం తేదీ నాకెందుకు? అచ్చు తేదీ చెప్పు.”

“అచ్చుల ఆయనదే ముందక్కా. గని పొద్దుగాల అయిదింటికి అడ్డా కాడ నిలబడి కూలోళ్లతోని మాట్లాడింది నేను.”

“రూల్ చదివినవా?”

“చదివిన. పోస్టుకు చూపెట్టనీకె నా తాన ఉన్నది గిదొక్కటే. మనది మనది ఒక్క జిల్లా. జర ఆలోచించక్కా.”

“జిల్లా పేరు చెప్తే డేటాబేసోడు లోపలికి రానిస్తడా? ఏడ్పులకు అచ్చు తేదీ ఉండదు ఎల్లేష్. ఇగ పో.”

అతను రిపోర్టు తీసుకుని వెళ్ళిపోయాడు. నర్మద ఆ సంభాషణ సారాంశాన్ని ఇంగ్లీషులో చక్కగా టైపు చేసింది. వ్రాతప్రతి సాక్ష్యాన్ని సైతం నిరాకరించి నియమాన్ని అమలుచేశామని రాసి, దరఖాస్తుకు జతచేసింది. ప్రొఫెసర్ చదివి భుజం తట్టాడు.

రెండు నెలలకు ఐరోపా నుంచి జవాబు వచ్చింది. నియమపాలన చాలా బాగుందనీ, ముఖ్యంగా ఎల్లేష్ విషయంలో తీసుకున్న నిర్ణయం ఆదర్శమనీ మెచ్చుకున్నారు. చివర ఒక చిన్న సందేహం: మీ సొంత పత్రికలోనే రెండు వ్యాసాలు అరవైనాలుగు శాతం ఒకటిగా ఉన్నాయి. ఒకటి 2013లో ప్రొఫెసర్ పురుషోత్తం రాసినది, మరొకటి 2017లో నర్మద రాసినది. పది రోజుల్లో మీ నియమం ప్రకారం చర్య తీసుకుని తెలియజేయండి.

నర్మద ఆ ఉత్తరాన్ని ప్రింటు తీసింది.

ఆ సంగతి ఆమెకు తెలియనిది కాదు. 2012లో ఎంఫిల్ చేసేటప్పుడు, పాలమూరు వలస కూలీల మీద రాసిన అధ్యాయాన్ని గైడైన పురుషోత్తం అడిగితే ఇచ్చింది. అక్కడ అది ఆనవాయితీ. చెట్టు మొదటి కాపు దేవుడికి ఇచ్చినట్టు, పరిశోధన మొదటి కాపు గైడుకి ఇవ్వాలి. అది ఆయన ఒక్కడి పేరు మీదే అచ్చయితే నర్మద సంతోషపడింది కూడా. సార్ వేసుకున్నాడంటే అంత బాగున్నట్టే కదా అని ఇంటికెళ్ళి తల్లికి చెప్పింది. నాలుగేళ్ళ తర్వాత ఆయనే, “నీ పేరు మీద గూడ ఒకటి ఏసుకో బిడ్డా, పనికొస్తది” అంటే, అదే అధ్యాయాన్ని కాస్త పెంచి వేసుకుంది. పాఠకులే లేని పత్రికలో పోల్చి చూసేదెవరు? లోకంలోని పత్రికలన్నింటితో పోల్చిన నర్మద కూడా సొంత పత్రిక పాత సంచికల జోలికి పోలేదు. గుడికెళ్ళి దేవుడి ఆధార్ కార్డు ఎవరడుగుతారు? తీరా స్కాన్ చేసి వెబ్‌సైటులో పెట్టింది తనే.

పరుగున వెళ్ళి ప్రొఫెసర్ ముందు ఉత్తరం పెట్టింది. ఆయన ఉస్మానియా బిస్కెట్టు చాయ్‌లో ముంచి, అది విరిగి పడకముందే నోట్లో వేసుకుని, తీరిగ్గా చదివాడు.

“సార్, నా ఎంఫిల్ థీసిస్ మీ వ్యాసం కంటె ఏడాది ముందుది. లైబ్రరీల ఉన్నది. దాని ఫొటో పంపిద్దాం.”

“పంపొచ్చు. ఎందుకు పంపొద్దు?” అన్నాడాయన, కోపమేమీ లేకుండా. “గని థీసిస్ అచ్చయ్యిందా బిడ్డా?”

“లేదు సార్.”

“మరి ఆ పిలగాడు, ఎల్లేషా, సంతకం చూపెడితె ఏమన్నవ్ నువ్వు? అదే గద వాళ్లకు మస్తు నచ్చింది. వానికో రూలు, నీకో రూలంటె నవ్వుతరు. దరఖాస్తు చింపి పారేస్తరు.”

మీదే తీసేద్దాం సార్ అనబోయింది నర్మద. ఆయన దాన్ని మొహంలోనే చదివాడు.

“నాది తీస్తె సంపాదకుడే దొంగ అయితడు. దొంగ నడిపే పత్రికను ఎవడు తీసుకుంటడు? పత్రిక పోతె నీ పోస్టు యాడికెళ్లి వస్తది? నువ్వే చెప్పు.” చాయ్ గ్లాసు పక్కన పెట్టాడు. “నీది తీసేయ్. లోకం దృష్టిల పోయేది ఒక్క కాగితం. కమిటీల నేను లేనా?”

ఆ సాయంత్రం నర్మద తన వ్యాసం ఉపసంహరణ ప్రకటన తనే రాసింది. ‘ఈ వ్యాసంలోని ప్రధాన భాగాలు ప్రొఫెసర్ పురుషోత్తం గారి పూర్వ ప్రచురణ నుంచి అనుమతి లేకుండా గ్రహించినవని నిర్ధారణ అయినందున...’ రెండుసార్లు ప్రూఫు చూసింది. ఒక అచ్చుతప్పు దొరికితే దిద్దింది. తర్వాత తన వ్యాసం ప్రతి పేజీ మీదా అడ్డంగా ‘ఉపసంహరణ’ అని ఎర్రటి అక్షరాలు వేసింది. సహ సంపాదకుల జాబితాలోంచి తన పేరు కొట్టేసింది. ఎవరు తవ్విన గోతిలో వాళ్ళు పడటం లోకంలో మామూలే. మట్టి కూడా తనే కప్పుకోవడం మాత్రం అరుదు.

వారం తర్వాత అశోక్ నగర్ టీ బండి దగ్గర ఎల్లేష్ ఎదురయ్యాడు. ఫోన్లో ఆ ప్రకటన చూసినట్టున్నాడు. గేలి చేస్తాడనుకుంది. అతను గ్లాసు కింద పెట్టి మెల్లగా అడిగాడు.

“తేదీ చూసుకున్నవా అక్కా?”

నర్మద టీ తాగకుండానే వెళ్ళిపోయింది. తిట్టినా బాగుండేదనుకుంది.

మార్చిలో పత్రిక డేటాబేసులోకి ఎక్కింది. కాలేజీ గేటుకు ఫ్లెక్సీ కట్టారు. దాని మీద ప్రొఫెసరూ, ట్రస్టు పెద్దలూ ఉన్నారు. అదే నెలలో పోస్టుకు ఇంటర్వ్యూ జరిగింది. యూనివర్సిటీ నుంచి వచ్చిన సభ్యుడొకడు ఫోన్లో నర్మద పేరు కొట్టి చూశాడు.

“మీ పేరు కొడితే మొట్టమొదట ఈ ఉపసంహరణే వస్తోందేమిటమ్మా?”

రాదా మరి? నిన్నటిదాకా పిట్టమనిషి చదవని పత్రిక అది. నర్మద పుణ్యమా అని ఇప్పుడు దేశదేశాల్లో కనిపిస్తోంది. దాంతోపాటు ఆమె దొంగతనమూ కనిపిస్తోంది. ఆమె చైర్మన్ వైపు చూసింది. చైర్మన్ పురుషోత్తం కళ్ళజోడు తీసి రుమాలుతో తుడుచుకుంటున్నాడు. తుడవడం అయ్యేసరికి ఇంటర్వ్యూ కూడా అయిపోయింది.

పోస్టు అవినాష్ అనే ఇంకో అభ్యర్థికి వచ్చింది. మచ్చలేని మనిషి. జీవితంలో ఒక్క వ్యాసమూ రాయలేదు కాబట్టి ఒక్కటీ ఉపసంహరించుకోవాల్సిన అవసరం రాలేదు. ఆ కబురు తెలిసింది, పత్రికను డేటాబేసుకెక్కించినందుకు ప్రొఫెసర్‌కు సన్మానసభ జరిగే రోజు పొద్దున. “బాధపడకు బిడ్డా, నా చేతుల లేకుండె. సాయంత్రం శాలువలు మర్చిపోకు” అని ప్రొఫెసర్ ఫోన్ చేశాడు.

చిక్కడపల్లిలో సన్మానాలు జరగని సాయంత్రం ఉండదు. ఆ సాయంత్రం వంతు పురుషోత్తానిది. కొత్త చీర కట్టుకుని తయారైన తల్లికి నిజం చెప్పలేక, నర్మద ఆమెను వెంట తెచ్చి వెనక వరుసలో కూర్చోబెట్టింది. శాలువలు వేదిక మీదికి అందించి వచ్చి పక్కన కూర్చుంది. ఆయనకు ఏడు శాలువలు కప్పారు. మెడ కనిపించకుండా అయ్యాక ఆయన మైకు అందుకున్నాడు.

“ఈ పత్రికకు ప్రాణం పోసింది నా వలస కూలీల పరిశోధన. మండుటెండల్లో బస్తీలన్నీ తిరిగాను. ఒక కూలి తల్లి నాతో అన్న మాట నేటికీ మరువలేను. ‘గోడ లేసేదాంక ఇల్లు మాది సారూ. రంగేసినంక గేటు కాడ నువ్వెవలు అంటరు.’ ఆ తల్లి పేరేమిటో నాకు తెలియదు. ఆమెకు ఈ వేదిక నుంచి నమస్కరిస్తున్నాను.”

హాలు చప్పట్లతో మోగిపోయింది. ఆశమ్మ ఉలిక్కిపడి కూతురి చెయ్యి పట్టుకుంది. ఆమె మొహం వెలిగిపోతోంది.

“గది నా మాటే గదనే! నువ్వు చదువుకునేటప్పుడు రాసుకుంటివి సూడు, మిద్దె కాడ కూసొని! గంత పెద్ద సారు నా మాట యాదివెట్టుకుండు!” ఆమె రెండు చేతులూ ఎత్తి గట్టిగా చప్పట్లు కొట్టింది. ఇటుకలు మోసిన చేతులు, ఆ చప్పుడు ముందు వరుసల దాకా వినిపించింది. “పేరు తెల్వదంటుండు పాపం. పోయి చెప్పరాదె, మా అవ్వ ఈడనే ఉన్నదని. ఒక్కపారి లేసి దండం పెడత. పో బిడ్డా.”

నర్మద కదల్లేదు. వేదిక మీద నుంచి ప్రొఫెసర్ ఇటువైపే చూస్తున్నాడు. జూన్‌లో పార్ట్‌టైమ్ కాగితం మీద పడాల్సింది ఆ చేతి సంతకమే.

“కూసో అమ్మా. గది నీ మాట కాదు.”

“నాదేనె! నేనే అన్న...”

“అచ్చుల సార్ పేరున్నది. సార్‌దే.”

ఎల్లేష్‌తో మాట్లాడిన గొంతే అది. ఆశమ్మ కూతురి మొహంలోకి కాసేపు చూసింది. ఏమనుకుందో ఏమో, చప్పట్లు ఆపి, చేతులు రెండూ తెచ్చి ఒళ్ళో పెట్టుకుంది. నర్మద మాత్రం అందరితోపాటు చప్పట్లు కొట్టసాగింది.