రెండు నక్షత్రాల మాట

ఈశ్వరి ఏడో తరగతి దాకా చదివింది. ఏ కాగితం చూసినా ఆమెకు ముందు భయమే పుడుతుంది. 2003 ఎండాకాలంలో ఒక సాయంత్రం, కదిరిలో కంప్యూటర్ డిగ్రీ చదివే కూతురు హేమావతి పెద్దదొకటి, చిన్నదొకటి రెండు కట్టల కాగితాలు తెచ్చి మంచం మీద పెట్టగానే, "ఫెయిలయినావా పాపా?" అని అడిగింది.

"రేపు సారుకు ఇయ్యాల్సిన ప్రాజెక్టు మా. నేల రకం చెప్తే ఎకరాకు ఎన్ని కిలోల సెనక్కాయ విత్తనం కావాల్నో చెప్పే ప్రోగ్రాం. బాగుంటే విత్తనాల సంఘంలో పెట్టిస్తా అన్నాడు."

"అంతా చదువు, విందాం."

హేమావతి విసుక్కుంటూనే పెద్దకట్ట చదివింది. మధ్యలో ఒకచోట, రెండు గీతల పక్కన, తెలుగు మాటలు ఇంగ్లీషు అక్షరాల్లో ఉన్నాయి: 'గరుసు నేల లెక్క అందాజుగా వేసినా. నమ్మకం లేదు.'

"ఈ మాట చిన్నకట్టలో యాడుండాది?"

"ఉండదు మా. రెండు గీతలు పెట్టేది ప్రోగ్రాం తెరిచి చూసేటోళ్లకు. రెండు నక్షత్రాలు పెట్టి రాసేది తెరవకుండా వాడుకునేటోళ్లకు. ఆ నక్షత్రాల మాటల్నే కంప్యూటర్ ఏరి ఈ చిన్నకట్ట చేస్తాది."

"సంఘంలో ఏ కట్ట ఉంటాది?"

"చిన్నది."

ఈశ్వరికి పోయిన ఏడాది గుర్తుకొచ్చింది. చెమ్మ తగిలిన విత్తనాల సంచిలో తన గుర్తుకని చీటీ రాసి అడుగున వేసుకుంది. సంగతి తెలియని భర్త వీరప్ప ఆ సంచి ఎత్తి పక్కచేను మారెక్కకు ఇచ్చాడు. చీటీ మారెక్క చేతికి తగిలేసరికి సంచి ఖాళీ, చేనంతా విత్తడం అయిపోయింది. సగం మొలవలేదు.

"మారెక్క చేను ఏం నేల పాపా?"

హేమావతి పెద్దకట్ట మూసింది. "గరుసే, అంతా రాళ్ల నేల," అంది. "అది బయట రాస్తే సారు మార్కులు కోస్తాడు మా. సంఘానికి పంపనే పంపడు."

మార్కులు పోతాయన్న భయం ఈశ్వరికీ ఉంది. అయినా ఆ మాట చిన్నకట్టలో ఉండాల్సిందేనని చెప్పి, ఆ భయంతోనే పొద్దున మొదటి బస్సుకు కూతురి వెంట తనూ బయలుదేరింది. కంప్యూటర్ సెంటర్లో హేమావతి ఆ మాట పక్కనున్న రెండు గీతలు తీసి రెండు నక్షత్రాలు పెట్టింది. చిన్నకట్ట మళ్లీ అచ్చయింది.

సారు అయిదు మార్కులు కోశాడు. "గరుసు నేల లెక్క సరిగా పట్టుకొని రా, అప్పుడు సంఘానికి పంపుదాం," అన్నాడు.

ఆదివారం తల్లీకూతుళ్లు మారెక్క ఇంటికి పోయి, ఆమె చేనుకు ఎన్ని కిలోలు పడతాయని అడిగారు. మారెక్క చాట పక్కన పెట్టి ఈశ్వరిని తేరిపార చూసింది.

"ఈ తూరి చీటీ సంచి పైననే కడతాండావా?"

"పైననే వదినా," అంది ఈశ్వరి. "చెప్పు, పాప రాసుకుంటాది."