సూది మొనంత చిల్లు

బాబురావు ఆ వేళ అలిసిపోయే లేచాడు. అలిసిపోయి పడుకోవడం ఎవరైనా చేసేదే. అలిసిపోయి లేవడం మాత్రం మాంచెస్టర్ వచ్చాకే అతనికి అలవాటైంది.

భార్య సలోమి ఇక్కడ పెద్దాసుపత్రిలో నర్సు. ఆమె వెనకాలే వచ్చిన బాబురావు ఏడేళ్ళు కేర్ హోముల్లో ముసలివాళ్ళని లేపీ పడుకోబెట్టీ నడుం విరగ్గొట్టుకున్నాడు. చిలకలూరిపేటలో పదిహేనేళ్ళు ట్రాక్టర్లూ ట్రక్కు జాకీలూ బాగుచేసిన మనిషి! చేతిలో అంత విద్య పెట్టుకుని ఏడేళ్ళు పక్కలు దులిపాడంటే ఎవరికి చెప్పుకోవాలి? చివరికి రెండువేల పదమూడు జనవరిలో కీత్ అనే ఆయన హైడ్రాలిక్ వర్క్‌షాపులో పని దొరికింది. అదీ మూడు నెలల ట్రయల్ మీద. తుమ్మితే ఊడే ముక్కన్నమాట.

చేరినరోజే కీత్ ఒక కాగితం చదివి వినిపించి సంతకం పెట్టించుకున్నాడు. బండి స్టార్టులో ఉండగా ఆయిల్ ఎక్కడ కారుతోందో చేత్తో తడమకూడదు, అట్టముక్క అడ్డంపెట్టి చూడాలి, తడిమినట్టు తెలిస్తే ఆరోజే ఇంటికి. బాబురావు సంతకమైతే పెట్టాడు గానీ లోపల నవ్వుకున్నాడు. పేటలో అతని ఉస్తాద్ వెంకటయ్య నేర్పిన మొదటి పాఠమే అది. "కన్ను మోసం చేస్తదిరా, చెయ్యి చెయ్యదు. తడిమి చూడు" అనేవాడు. ట్రక్కు జాకీల్లో ఆయిల్ బొట్టుబొట్టుగా కారేది. చేత్తో తుడిచి, చొక్కాకి రాసుకుని, పనిలో పడేవాళ్ళు.

అలా అలిసి లేచిన ఆ రోజు ఫిబ్రవరిలో ఒక శనివారం. చెషైర్ వైపు ఒక పాడి ఫారానికి పంపాడు కీత్. డెబ్భై దాటిన గ్రాహమ్ అక్కడి రైతు. పొడుగాటి ఇనప చేత్తో గడ్డి మోపులెత్తే లోడరు ఆయనది. ఎత్తిన చెయ్యి ఎత్తినట్టు నిలవక మెల్లగా దిగిపోతోంది, దాన్ని మోసే ఆయిల్ సిలిండరు కారుతోంది. మోపులేమో ఎత్తున పేర్చి ఉన్నాయి, షెడ్డులో ఎనభై ఆవులు మేత లేక ఒకటే అరుపు.

"ఎంతసేపు పడుతుంది బాబ్?" అన్నాడు గ్రాహమ్.

"మధ్యాహ్నానికల్లా మేత వేసేస్తాం సర్" అన్నాడు బాబురావు. ఆ నోరే కదా మనిషిని ముంచేది!

వాన, మోకాటిదాకా బురద. లోపలి రబ్బరు సీలు పోతే అక్కడే మార్చమన్నాడు కీత్, సిలిండరే చిట్లితే వ్యానులో ఉన్న కొత్తది బిగించమన్నాడు. ఏది పోయిందో ముందు చూడాలి. అట్టముక్క వ్యానులో ఉంది, వ్యాను గేటు దగ్గరుంది. ఆ బురదలో మళ్ళీ అంత దూరమా? కాళ్ళు రానన్నాయి. ఇంజను ఆన్‌లో ఉండగానే గ్లవ్ తీసి సిలిండరు వెంట వేళ్ళతో తడిమాడు. పైపు కలిసే అతుకు దగ్గర చూపుడువేలికి చీమ కుట్టినట్టయింది.

వెంటనే చెయ్యి తీసి చూసుకున్నాడు. వేలి కొసన సూది మొనంత చుక్క. నెత్తురు కూడా రాలేదు. అతుకు చిట్లింది, కొత్త సిలిండరే వెయ్యాలి. ఓస్, ఇంతేనా అనుకుని టైము చూశాడు. పదిన్నర.

లోడరు ఇనప చేతికి గట్టిగా ఊతం పెట్టి, ఇంజను ఆపి, పిన్నులు కొట్టి పాతది దించేసరికి వేలు మొద్దుబారింది. పన్నెండింటికి పచ్చి వంకాయలా ఉబ్బి నిగనిగలాడింది. అప్పుడు భయమేసింది, అబద్ధమెందుకు! కీత్‌కి ఫోన్ చేద్దామని జేబులో చెయ్యి పెట్టాడు. చేసి ఏమని చెప్పాలి? తడిమానని చెప్పాలి. తడిమానంటే మళ్ళీ కేర్ హోమే. ఆ తలపుకే ఒళ్ళంతా బరువెక్కింది. ఫోన్ జేబులోనే ఉంచి గ్లవ్ తొడుక్కున్నాడు.

గ్రాహమ్ టీ తెచ్చిస్తే ఎడమ చేత్తో అందుకున్నాడు.

"చేతికేమైంది?"

"చలి సర్, చలి."

రెండింటికి కొత్త సిలిండరు మోపునెత్తింది, ఎత్తి నిలిచింది. ఆవులు మేతమీద పడ్డాయి. గ్రాహమ్ సంతోషంగా భుజం తట్టాడు. ఆ దెబ్బకే బాబురావుకి కళ్ళు తిరిగాయి. వ్యానెక్కి స్టీరింగు పట్టుకుందామంటే కుడిచెయ్యి మూసుకోలేదు. అప్పుడిక సలోమికి ఫోన్ చేశాడు.

"డ్యూటీలో ఉన్నావా? ఏం లేదులే, వేలికి ఆయిల్ గుచ్చుకుంది. కాస్త వాచింది. ఇంటికొచ్చి పసుపు పెడితే పోద్దా?"

"ఆయిల్ గుచ్చుకోవటమేంది? ప్రెషర్‌లో ఉన్న ఆయిలా?"

"ఆఁ."

"దేవా!" అని అరిచింది సలోమి. "అది లోపలికి పాకిపోద్దండీ! కోసి కడగాలి, లేకపోతే చెయ్యే పోద్ది! ఎప్పుడు జరిగింది?"

డ్యూటీలో ఉన్న మనిషి, ఏం కంగారు పడుతుందో అనిపించింది. తిడుతుందని కూడా అనిపించింది.

"ఇప్పుడే. అరగంట కూడా కాలా."

"బండి తోలబాకండి! ఆ రైతుని బతిమాలి మా ఆసుపత్రికే రండి. నేను కింద ఉంటా."

గ్రాహమ్ మారుమాట లేకుండా తన జీపులో ఎక్కించుకున్నాడు. దారంతా బాబురావు కుడిచేతిని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. మణికట్టు దాకా సలుపు ఎక్కింది. పనిలో చేరాక మొదటిసారి అతనికి కీత్ గుర్తు రాలేదు, ట్రయల్ గుర్తు రాలేదు. చెయ్యి ఉంటే చాలు ప్రభువా, చెయ్యొక్కటి ఉంచు అనుకున్నాడు.

మూడున్నరకి ఆసుపత్రి గుమ్మంలో సలోమి యూనిఫాంలోనే నిలబడి ఉంది. గ్రాహమ్‌ని బయట కూర్చోబెట్టి భర్తని లోపలికి నడిపించింది. ఎక్స్‌రే అయింది. ఆపరేషన్ చేసే డాక్టరమ్మ వచ్చి చెయ్యి అటూ ఇటూ తిప్పి చూసింది. నల్ల పెన్ను తీసి వేలి కొస నుంచి అరచేతి మధ్య దాకా గీత గీసింది.

"ఇంతవరకూ తెరిచి లోపలి ఆయిలంతా తీస్తాం. జరిగి ఎంతసేపైంది?"

"గంటన్నర" అంది సలోమి. "రెండింటికి జరిగింది."

"త్వరగా తెచ్చారు. ఆరు గంటలు దాటితే వేలు దక్కడం కష్టం. ఈ లెక్కన ఆశ ఉంది."

డాక్టరమ్మ ఆ టైమే కాగితం మీద రాయబోయింది. సలోమి మొహం తేటపడింది. పొద్దుట్నుంచీ ఎవరి మొహంలోనూ చూడని ఊరట అది. దాన్ని అలా ఉండనిస్తే ఏం పోయింది? ఒక్క క్షణం నిజంగానే అలా అనిపించింది బాబురావుకి, అంత అలిసిపోయి ఉన్నాడు.

"రెండింటికి కాదు" అన్నాడు. "పొద్దున పదిన్నరకి."

డాక్టరమ్మ పెన్ను ఆగింది. సలోమి అతని వైపు తిరిగింది.

"నాక్కూడానా?" అంది తెలుగులో, నెమ్మదిగా. "ముప్ఫయి మందికి నేను మందులేస్తా. నాక్కూడా చెప్పలేకపోయావా?"

కోపం వచ్చినప్పుడే ఆమె అతన్ని నువ్వు అంటుంది.

"పని పోద్దని..." అన్నాడు. అంతలోనే ఏడుపొచ్చింది. నలభయ్యారేళ్ళ మగాడు పరాయి మనుషుల ముందు వెక్కి వెక్కి ఏడ్చాడు.

డాక్టరమ్మ ఎవరితోనో ఫోన్‌లో థియేటర్ వెంటనే కావాలని చెప్పింది. దూది తడిపి అరచేతిలో గీత కొసని తుడిచేసి, మళ్ళీ పెన్ను తీసింది. గీత అరచెయ్యి దాటింది, మణికట్టు దాటింది, చొక్కా అడ్డొచ్చి ఆగింది.

సలోమి కళ్ళు తుడుచుకోలేదు. వంగి, ఆ చొక్కా చేతిని మోచెయ్యి దాకా మడిచి పట్టుకుంది.