తాత చెవి మిషన్

సూరత్‌లోని తెలుగు బడిలో బాలవాటిక తరగతి మొదలైన మూడో రోజున నీరజ టీచర్ హిమశ్రీ వెనక నిలబడి స్టీలు ప్లేటు ఒకటి కింద పడేసింది. క్లాసులో ఉన్న పిల్లలందరూ తల తిప్పి చూశారు. హిమశ్రీ తిప్పలేదు. పలక మీద గీతలు గీస్తూనే ఉంది.

అంతకుముందు రెండు రోజులు హాజరు పిలిచినప్పుడు కూడా ఆ పిల్ల పలకలేదు. కొత్త గదా అనుకుంది టీచర్. భుజం మీద చెయ్యి వేస్తే మాత్రం వెంటనే తిరిగి మొహంలోకి చూసింది. ఆ చూపుతోనే అనుమానం వచ్చి ప్లేటు తెచ్చింది.

బడి విడిచాక, పిల్లను తీసుకెళ్లడానికి వచ్చిన తల్లి నవతను ఆపి, ప్లేటు సంగతి చెప్పింది.

"ఇంట్ల పిలిస్తే పలుకుతదా?"

నవత తల దించుకుంది. "పిలువం టీచర్."

"పిలువకపోవుడేంది?"

"కింద సాంచాలు నడుస్తయి గదా. పిలిస్తే ఎవలికి వినిపిస్తది? పోయి ముట్టుకుంటం."

వాళ్ల ఇల్లు గోడాదరాలో ఒక కార్ఖానా మీద ఉంది. కింద సాంచాలనే మరమగ్గాలు ఇరవై నాలుగు, పైన కిరాయి గదులు. సాంచాలు పొద్దున ఏడింటికి ఒక షిఫ్టు, రాత్రి ఏడింటికి ఇంకో షిఫ్టు నడుస్తాయి. హిమశ్రీ తండ్రి రాంప్రసాద్ అక్కడే సాంచాలు నడుపుతాడు. తాత కనకయ్య నలభై ఏళ్ల కిందట సిరిసిల్ల నుంచి వచ్చి, నేత పని చేసి, ఇప్పుడు అదే కార్ఖానాలో సాంచాలు బాగుచేసే మాస్టర్‌గా ఉన్నాడు. కార్ఖానాలో నోటితో మాట్లాడరు. పోగు తెగిందంటే ఒక సైగ, చాయ్ తాగుదామంటే ఒక సైగ. అరచెయ్యి పైకెత్తితే నీ మాట అందింది, ఇక్కడే ఉన్నానని. ఆ సైగలు మెట్లెక్కి ఇంట్లోకి కూడా వచ్చాయి. హిమశ్రీ నడక కంటే ముందే వాటిని నేర్చుకుంది. అన్నం కావాలంటే సైగతో చెప్పేది. నిద్ర వస్తే చెప్పేది. అడిగిన వస్తువు తెచ్చి ఇచ్చేది. ఐదేళ్లు వచ్చేదాకా పిల్లకు వినపడదని ఇంట్లో ఎవరికీ తట్టకపోవడానికి అదే కారణం.

ఎవరికీ అంటే పూర్తిగా నిజం కాదు. మూడేళ్లప్పుడు పిల్లకు ఇంకా మాటలు రాలేదని, డాక్టర్‌కు చూపిద్దామని నవత అంది. కనకయ్య వద్దన్నాడు. "సాంచాల ఇంట్ల పిల్ల. గిట్లనే ఉంటది. రాంప్రసాద్ గూడ ఆలస్యంగనే మాట్లాడిండు," అన్నాడు. ఆ మాట ఇంట్లో ఎవరూ మళ్లీ ఎత్తలేదు. కనకయ్య మరిచిపోనూ లేదు.

టీచర్ చెప్పాక రెండు బస్సులు మారి, తాపీ నది దాటి, అడాజన్‌లోని వినికిడి క్లినిక్‌కు వెళ్లారు. అక్కడ పరీక్షలు చేసే మౌక్తిక రాజమండ్రి నుంచి వచ్చి రెండేళ్లయింది. పిల్లకు నిద్రమందు ఇప్పించి, తలకు తీగలు అతికించి, గంటసేపు చూసింది. రెండు చెవుల్లోనూ లోపం ఉందని, పుట్టుకతో వచ్చిందని, మిషన్ పెడితే మాట అందుతుందని చెప్పింది. చెవి అచ్చు తీసి, సర్కారు శిబిరంలో ఇచ్చే మిషన్లు వచ్చేదాకా వాడుకోమని క్లినిక్‌లో ఉన్న జత ఒకటి ఇచ్చింది.

"సైగలు మానెయ్యాల్నా?" అని నవత అడిగింది.

"ఎందుకమ్మా మానెయ్యడం? చేత్తో చెప్పండి, నోటితోనూ చెప్పండి. సాంచాలు నడిచేటప్పుడు ఇంట్లో మిషన్ తీసేసినా పర్వాలేదు. బడిలో ఉన్న నాలుగు గంటలూ మాత్రం చెవిలోంచి తియ్యకూడదు."

హిమశ్రీ బడిలోనే తీసింది. మొదటి రోజు పక్క పిల్ల టిఫిన్ డబ్బాలో దొరికింది. రెండో రోజు టీచర్ చెప్పుల్లో. మూడో రోజు నీళ్ల సీసా దగ్గర పెట్టి మూత తీస్తుంటే నీరజ టీచర్ చూసి పట్టుకుంది. ఇంటికి వచ్చాక నవత మళ్లీ పెట్టబోతే, హిమశ్రీ తన చెవి చూపించి, తర్వాత అమ్మ చెవి, నాన్న చెవి, నానమ్మ చెవి, తాత చెవి వరసగా చూపించి చెయ్యి తిప్పింది. మీకెవరికీ లేదే అని.

జూలై మధ్యలో నీరజ టీచర్ నవతను, కనకయ్యను పిలిపించింది. ఆమె కూడా సూరత్‌లోనే పుట్టి, అదే తెలుగు బడిలో చదువుకుంది.

"జుఓ, చూడుండ్రి తాతా, ఇంత పెద్ద క్లాసుల నేనొక్కదాన్ని. మిషన్ చెవుల ఉంటే నా మాట ఆమెకు అందుతది. లేకుంటే నాలుగు గంటలు గోడను చూసి ఇంటికి పోతది. అట్ల ఏడాది పోగొట్టద్దు. వేరే ఊర్ల వినపడని పిల్లల బడి ఉన్నది. మంచిగ చెప్తరు. కానీ హాస్టల్ల ఉండాలె. ఆగస్టు రెండు దాంక అక్కడ ఫారం తీసుకుంటరు."

ఆమె సొరుగు తీసి ఫారం చూపించింది. ఇవ్వలేదు.

"అప్పటిదాంక నేను ప్రయత్నం చేస్త, మీరూ చెయ్యిన్రి. ఆమె మిషన్ పెట్టుకొని కూసుంటే ఈ ఫారం ఇక్కడనే ఉంటది."

కనకయ్యకు ఇందులో సగమే అందింది. మిగతాది దారిలో నవత చేతులతో చెప్పింది. ఇంట్లో భార్య భాగీరథి విని, చేతిలోని చీపురు కింద పెట్టింది.

"ఐదేండ్ల పిల్లను హాస్టల్ల ఏస్తరా? ఆడ ఆమె అన్నం అడిగితే ఎవలకు సమజైతది?"

నవత చీపురు తీసి మూలకు పెట్టింది.

మర్నాడు భాగీరథి కూడా క్లినిక్‌కు బయలుదేరింది. పిల్ల మిషన్ ఎందుకు తీస్తుందో డాక్టరమ్మనే అడుగుతానంది. మౌక్తిక మిషన్లు విప్పి చూసి, అచ్చు సరిచేసి, మళ్లీ పెట్టింది. ఆమె చెయ్యి తీయగానే హిమశ్రీ కుడి చెవిది ఊడదీసి, కుర్చీలో కూర్చున్న తాత చెవిలోకి తోసింది.

అచ్చు తాత చెవికి పట్టలేదు. మిషన్ కూతపెట్టింది. నవత చెవులు మూసుకుంది. భాగీరథి "ఆపుండ్రి దాన్ని" అంది. బయట కూర్చున్న మనిషి తలుపులోంచి తొంగిచూశాడు. కనకయ్య మనవరాలి వైపు చూసి నవ్వుతున్నాడు.

మౌక్తిక ఆయన ఎదురుగా వచ్చి కూర్చుంది. "తాతగారూ, ఇప్పుడేమైనా వినపడిందా?"

"ఏది?"

నవత తల దించుకుంది. నీరజ టీచర్ ప్లేటు గురించి చెప్పినప్పుడు కూడా ఆమె అలాగే తల దించుకుంది.

"మీకూ ఒకసారి పరీక్ష చేద్దాం."

"నాకెందుకు డాక్టరమ్మా? నాకు మంచిగనే వినిపిస్తది. ఈళ్లే మెల్లగ మాట్లాడుతరు." ఆయన లేచాడు. "నేను మాస్టర్‌ను. తలుపు కాడ నిలవడి చప్పుడు విని ఏ సాంచాల ఏం అరిగిందో చెప్త. మాస్టర్ చెవిటోడంటే పని ఉంటదా?"

"చప్పుడు విని చెప్తడంట," అంది భాగీరథి. అని, ఆయన భుజం తట్టి తన వైపు తిప్పుకుంది. అరవలేదు. ఒక్కొక్క మాటే నోరు కనపడేలా చెప్పింది. "పదేండ్లాయె. సాంచా మీద చెయ్యి ఆనిచ్చి చెప్తున్నవు. చెవితోని కాదు. నేను చూస్తలేనా? కార్ఖానల అందరికీ ఎరుకే. ఎరుక లేదనుకునేటోనివి నువ్వొక్కనివే."

కనకయ్య నవత వైపు చూశాడు. నవత అవునన్నట్టు తల ఊపింది.

ఆయన మళ్లీ కూర్చున్నాడు.

పరీక్ష అరగంట పట్టింది. మౌక్తిక కాగితం మీది గీత చూపించింది. "పాపది సాంచాల వల్ల కాదు. మీది సాంచాల వల్లే." ఆమె మిషన్ల జత ఒకటి తెచ్చి, రబ్బరు మూతలు తొడిగి, ఆయన చెవుల వెనక పెట్టి, ఆన్ చేసింది.

కనకయ్య పైకి చూశాడు. "ఫ్యాను," అన్నాడు. తర్వాత తలుపు వైపు. "బస్సు." తర్వాత గదిలో వెతికాడు. "ఇంకోటి ఉన్నది. సన్నగ. ఏందది?"

హిమశ్రీ నేల మీద కూర్చుని కాగితం మీద పెన్సిల్‌తో గీస్తోంది. గీస్తూ గొంతులో ఏదో అంటోంది. ఊఁ అని మొదలుపెట్టి, గీత ఆగిన చోట ఆపి, కొత్త గీతతో మళ్లీ మొదలుపెడుతోంది.

"మీ మనవరాలు," అంది మౌక్తిక. "బొమ్మ వేసేటప్పుడల్లా అంటుంది. మీకు తెలుసనుకున్నాను."

నవత వంగి పిల్ల నోటి దగ్గర చెవి పెట్టింది. ఆమెకూ తెలియదు. ఇంట్లో కింద సాంచాలు ఎప్పుడూ ఆగవు.

కనకయ్య మిషన్ మీద చెయ్యి పెట్టి, "ఇది ఎప్పటిదాంక ఇస్తవు డాక్టరమ్మా?" అని అడిగాడు.

సోమవారం ఆయన పొద్దుటి పని కొడుక్కి అప్పజెప్పి, మిషన్లు పెట్టుకుని, మనవరాలితో పాటు బడికి వెళ్లి వరండాలో బెంచీ మీద కూర్చున్నాడు. కిటికీలోంచి ఆయనకు హిమశ్రీ, హిమశ్రీకి ఆయన కనపడతారు. పిల్లలు పాట మొదలుపెట్టారు. పది నిమిషాలు గడిచాయి. చప్పుడు తట్టుకోలేక ఆయన చెయ్యి చెవి దగ్గరికి వెళ్లింది. అప్పుడే లోపల హిమశ్రీ చెయ్యి కూడా తన చెవి మీద ఉంది. ఆయననే చూస్తోంది.

ఆయన చెయ్యి దించి మోకాలి మీద పెట్టుకున్నాడు. కాసేపటికి ఆమె కూడా దించింది.

"తాతా, మీరు తీస్తే ఆమె తీస్తది," అంది నీరజ టీచర్ కిటికీ దగ్గరికి వచ్చి. "రేపటి నుంచి మీ హాజరు గూడ రాసుకుంట."

"రాసుకో బిడ్డా. లేటొస్తే కొట్టకు."

ఆ వారంలో హిమశ్రీ రెండు సార్లు తీసింది. రెండోసారి గురువారం, వాన పడుతోంది. పెట్టడానికి వెళ్లిన టీచర్ చేతిని తోసేసి ఏడ్చింది. టీచర్ వరండాలోకి వచ్చి, "ఇక నావల్ల కాదు తాతా," అంది. కనకయ్య పిల్ల మిషన్లు తీసుకుని, మౌక్తిక నేర్పినట్టు ఒక్కొక్కటే గుప్పిట్లో మూశాడు. సెల్లు బాగుంటే గుప్పిట్లో కూత రావాలి. తన చెవి దగ్గర పెట్టి విన్నాడు. ఎడమది కూసింది. కుడిది కూయలేదు.

"ఆమె తప్పు లేదు. సెల్లు అయిపోయింది. ఉత్త రబ్బరు చెవుల పెట్టుకొని ఎట్ల కూసుంటది?"

జేబులోంచి కొత్త సెల్లు తీసి వేశాడు. మళ్లీ గుప్పిట్లో మూశాడు. కూత వినపడింది. హిమశ్రీ ఆయన మొహం చూసి చెవి ముందుకు పెట్టింది. ఆ రోజు నుంచి బడి గేటు దగ్గర నాలుగు మిషన్లూ గుప్పిట్లో పెట్టి విన్నాకే లోపలికి వెళ్లేవారు.

కార్ఖానాలోకి వెళ్లేటప్పుడు ఆయన మిషన్లు తీసి డబ్బాలో పెట్టేవాడు. ఒకరోజు మరిచిపోయి పెట్టుకునే వెళ్లాడు. గేటు దగ్గర ఒక కార్మికుడు, "మాస్టర్, జవాన్ పోరగాండ్ల లెక్క చెవులల్ల ఫోన్ పెట్టినవేంది?" అన్నాడు.

"నువ్వు నన్ను తిట్టేది వినాలని పెట్టిన," అన్నాడు కనకయ్య. డబ్బా తీసి మిషన్లు అందులో పెట్టి, లోపలికి వెళ్లి సాంచా మీద అరచెయ్యి ఆనించాడు. అందరూ చూస్తుండగానే.

ఆగస్టు రెండు శనివారం. నవత కూడా వచ్చి మామ పక్కన బెంచీ మీద కూర్చుంది. సొరుగులోని ఫారం టీచర్ బల్ల మీద ఉంది. కిటికీలోంచి ఇద్దరికీ కనపడుతోంది.

నీరజ టీచర్ హాజరు పుస్తకం తీసుకుని పిల్లల వెనక్కి వెళ్లి, గోడకు ఆనుకుని నిలబడింది. ఎవరూ వెనక్కి తిరగొద్దని చెప్పింది. పేర్లు పిలవడం మొదలుపెట్టింది. ఒక్కొక్కరూ "హా జీ టీచర్" అంటున్నారు. హిమశ్రీ రెండు చేతులూ బల్ల మీద పెట్టుకుని కూర్చుంది. రెండు చెవుల్లోనూ మిషన్లు ఉన్నాయి.

"హిమశ్రీ."

పిల్ల కదల్లేదు. నవత కొంగు పట్టుకుంది. టీచర్ ఒక అడుగు ముందుకు వేసి, అదే గొంతుతో మళ్లీ పిలిచింది.

"హిమశ్రీ."

హిమశ్రీ కిటికీ వైపు చూసింది. కనకయ్య రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని ఉన్నాడు. ఆయన ఏ సైగా చెయ్యలేదు. ఆమె మళ్లీ ముందుకు తిరిగి, కుడి చెయ్యి తల పైకి ఎత్తింది. అరచెయ్యి తెరిచి, కార్ఖానాలో ఎత్తినట్టు.

నవత లేవబోయింది. కనకయ్య ఆమె మోచెయ్యి పట్టుకుని ఆపాడు.

టీచర్ తర్వాతి పేరు పిలిచింది. "హర్షిత్."

హర్షిత్ "హా జీ టీచర్" అన్నాడు. హిమశ్రీ మళ్లీ చెయ్యి ఎత్తింది. ఆ తర్వాతి పేరుకూ ఎత్తింది. పిల్లలు నవ్వారు. వాళ్లు నవ్వారని ఆమె కూడా నవ్వింది.

"అరే, అందరి హాజరు నువ్వే చెప్తవా?" అంది నీరజ టీచర్. హాజరు ఆపి కిటికీ దగ్గరికి వచ్చింది. "వినిపిస్తది తాతా. ఏ పేరు ఎవలిదో ఇక నేర్పాలె. అది నా పని."

"ఎన్ని రోజులు పడుతది?" అని అడిగింది నవత.

"తెల్వదు. దీపావళి అనుకుందాం. కాకపోతే హోలీ."

ఆమె బల్ల దగ్గరికి వెళ్లి ఫారం తీసి, సొరుగులో పెట్టి మూసింది. సొరుగు మూసిన చప్పుడుకు హిమశ్రీ తల తిప్పి చూసింది. కనకయ్య కూడా చూశాడు.

టీచర్ హాజరు పుస్తకం మళ్లీ తెరిచింది. "కనకయ్య," అని పిలిచింది.

బెంచీ మీద నుంచి ఆయన అరచెయ్యి పైకెత్తాడు.