ముందు ఎవరూ లేని దారి

మా ఊరి దొర పట్నం పారిపోయాడని ఊరంతా సంబరపడింది. ఆ సంబరం ఇంకా తీరకముందే నా మొగుడు దొర గుర్రం ముందు పరిగెత్తుతూ కనబడ్డాడు. నా ఒళ్లు మండిపోయింది. దొర లేడు, ఆయన కోటలాంటి గడికి తాళం వేసి ఉంది, గుర్రం మీద పిట్ట కూడా లేదు. అయినా ఎల్లేశం దెబ్బతిన్న మోకాలు ఈడ్చుకుంటూ ముందు ఉరుకుతున్నాడు, ఆ మహారాజు గుర్రం వెనక తీరిగ్గా వస్తోంది.

"దొర పోయిండు గని నీ బుద్ధి పోలేదా?" అని దారి మధ్యనే అరిచాను. "ఎవని కోసం ఉర్కుతున్నవ్?"

"నేను ముంగట లేకుంటే ఇది అడుగేస్తలేదు రుక్కా. ఏం జెయ్యమంటవ్?" అన్నాడు రొప్పుతూ.

ఆ ఉరుకుడు సంగతి చెప్పాలి. దొర గుర్రమెక్కితే ముందు ఒక మనిషి కర్ర పట్టుకుని పరిగెత్తాలి. దొర వస్తున్నాడు, లేవండి, జరగండి అని అరుస్తూ పోవాలి. ఆ అరుపు వినగానే ఆడా మగా పని వదిలి లేచి తలలు వంచాలి. దానికి కూలి లేదు, గుక్కెడు గంజి లేదు. ఎల్లేశం మీసాలు రాకముందు నుంచీ చేసిన వెట్టి అదే. ఒక వానాకాలం రాతి మీద జారి పడితే వెనక వస్తున్న గుర్రం ఆయన మోకాలి మీద కాలు వేసింది. దొర వెంటనే దిగాడు. వంగి గుర్రం డెక్క చూసుకుని, మళ్లీ ఎక్కి, "లెవ్వురా" అన్నాడు.

నలభై ఎనిమిది భాద్రపదంలో నవాబు రాజ్యం మీదికి యూనియన్ సైన్యం వచ్చింది. దొర మోటారెక్కి పట్నంలో దాక్కున్నాడు. తుపాకుల మోతకు బెదిరి గుర్రం కట్టు తెంపుకుంది. రాయదుర్గం వైపు గుట్టల్లో, రెండు బండల సందులో దూరి వణుకుతూ నిలబడితే ఎల్లేశమే వెతికి ఇంటికి తెచ్చాడు. దాని పేరు బహద్దూర్. ఆకు కదిలితే అదిరిపడేదానికి ఆ పేరు పెట్టిన దొర తెలివికి దండం పెట్టాలి.

నిజం చెప్పాలంటే ఆ గుర్రం మాకు కావాలి. మా గుట్టల్లో సీతాఫలాలు విరగకాస్తాయి. గంపలు లింగంపల్లి టేషనుకు చేరిస్తే రైలెక్కి పట్నం పోతాయి, మాకు పూట గడుస్తుంది. ఎల్లేశం ఆ కాలితో గంప మోసుకుని అంత దూరం నడవలేడు. గుర్రం మీద కూర్చుని పోగలడు. కానీ ఆయన కూర్చుంటే ముందు ఎవరు నడవాలి? నేను నడిస్తే పొలం ఎవరు చూడాలి?

"దానికి గాలి సోకింది," అన్నాడు పక్కింటి బాలనర్సయ్య. "కండ్ల నడుమ ఒక్క వాత పెట్టు, సక్కగ నడుస్తది."

"ఆ వాత నీకే పెడ్త, నువ్వు సక్కగ నడుస్తవేమో చూస్త," అన్నాను. ఆయన మళ్లీ మా గడప తొక్కలేదు.

ఒక పొద్దున ఎల్లేశాన్ని గుర్రం మీద కూర్చోబెట్టి, నేను తాడు పట్టుకుని పక్కన నిలబడ్డాను. ముందు దారి ఖాళీగా ఉంది. గుర్రం తల ఎత్తింది, అటు చూసింది, ఇటు చూసింది. భుజాల మీద చర్మం వణికింది. మెడ తడిసిపోయింది. ఏదో వెతుకుతోంది. అప్పుడు నాకు అర్థమైంది. అది పుట్టి బుద్ధెరిగాక ఖాళీ దారి చూడనేలేదు. తల ఎత్తినప్పుడల్లా దానికి కనబడింది నా మొగుడి వీపే. దాని లెక్కలో దారి అంటే ఎల్లేశం వీపు. ఒక్క కొరడాతో ఆ దొర మనిషినీ పశువునూ ఇద్దరినీ పాడు చేశాడని తెలిసి నా కోపం రెట్టింపయింది.

"నా ఇంటి గుర్రం ముంగట ఎవ్వలు నడవరు," అన్నాను. "నువ్వు నడవవు, నేను నడవను. అదే నేర్చుకోవాలె."

చెప్పినంత తేలిక కాలేదు. మొదట దాని చెంప పక్కన నడిచాను. తర్వాత మెడ పక్కన, ఆ తర్వాత భుజం పక్కన. అది ఆగితే నేనూ ఆగాలి. చూసుకోవలసినంత సేపు చూసుకోనివ్వాలి. తనంతట తాను ఒక అడుగు వేస్తే గుప్పెడు తవుడు పెట్టాలి. భయం ముదరకముందే ఇంటికి తిప్పాలి. అసలే నాకు ఓపిక తక్కువ. ఒకరోజు విసుగొచ్చి తాడు గట్టిగా గుంజితే, అది వెనక్కి వెనక్కి పోయి నన్ను నాగజెముడు పొదలోకి ఈడ్చింది. నా చీర చిరిగింది, అరచేయి చీరుకుపోయింది. పైన కూర్చున్న ఎల్లేశం నవ్వాడు.

"నీ కోపం తాడు పట్టుకోని దాని నోట్లెకి పోతది," అన్నాడు. "తిట్టేది తిట్టు, గని మెల్లగ తిట్టు. దానికి మాట తెల్వది, గొంతు తెలుస్తది."

ఇగ అదే పట్టుకున్నాను. తాడు వదులుగా పట్టుకుని, చంటిపిల్లకు జోల పాడే గొంతుతో దొరను తిట్టడం మొదలుపెట్టాను. "నీ గడి గూల, నీ గాదెలల్ల పందికొక్కులు వడ, నీ కొరడా నీ వీపు మీదనే ఇరగ" అని సాగదీసి పాడుతుంటే గుర్రం చెవులు నా వైపు తిప్పి హాయిగా నడిచేది. పొలాలకు పోయే ఆడవాళ్లు నిలబడి వినేవాళ్లు. వాళ్లలో చంద్రమ్మ అయితే తను కూడా రెండు తిట్లు అందించింది.

నేను పొట్ట దగ్గరికి, పొట్ట నుంచి తోక దగ్గరికి జరిగాను. కానీ ఆ రెండు బండల సందు దగ్గర మాత్రం ప్రతిసారీ ఆగిపోయేది. లింగంపల్లికి అదే దారి. ఎన్ని పొద్దులు అక్కడి నుంచి వెనక్కి వచ్చామో. ఎల్లేశం దిగబోయేవాడు, నేను దిగనిచ్చేదాన్ని కాదు.

ఒకనాడు అక్కడికి చేరబోతుంటే నా పాదంలో తుమ్మముల్లు దిగింది. కూర్చుని తీసుకుంటున్నాను. నేను ఆగిన సంగతి వాళ్లిద్దరూ చూసుకోలేదు. ఎల్లేశం పైనుంచి ఏదో కబుర్లు చెబుతున్నాడు, గుర్రం సందు ముందు ఆగింది, ముక్కు చాచి బండను వాసన చూసింది, లోపలికి పోయింది. నేను ముల్లు అలాగే వదిలేసి ఊపిరి బిగబట్టాను. అవతల వెలుగులో తోక కనబడింది.

ఎల్లేశం వెనక్కి తిరిగి, దూరంగా కూర్చున్న నన్ను చూశాడు. "నువ్వు ఈడ లేవా? మరి దీని ఎనక, ముంగట ఎవరున్నరు?"

"ఎవ్వలు లేరు," అన్నాను.

ఆయన గుర్రం మెడ మీద ముఖం పెట్టుకుని ఏడ్చాడు. గుర్రం కదలకుండా నిలబడింది.

ఆ చలికాలమంతా వాళ్లిద్దరే లింగంపల్లి పోయి వచ్చారు. పండ్లు అయిపోయాక కట్టెలు, కట్టెల తర్వాత పెరుగు కుండలు. రైలు కూత పెడితే గుర్రం ఒక్క చెవి తిప్పి ఊరుకుంటుందని ఎల్లేశం గొప్పగా చెప్పేవాడు. రాత్రిళ్లు మోకాలికి కాపడం పెట్టే పని నాకు తప్పింది.

ఎండలు ముదిరాక దొర తిరిగొచ్చాడు. నెత్తిన తెల్లటోపీ, ఒంటి మీద ఖద్దరు. నిన్న మొన్నటిదాకా జనాన్ని తన్నించిన మనిషికి ఆ టోపీ ఎవడు పెట్టాడో గానీ, వాడి చేతులు విరగ్గొట్టాలనిపించింది. ఒక మధ్యాహ్నం కొరడా పట్టుకుని మా ఇంటికే వచ్చాడు.

"నా గుర్రం," అన్నాడు. అంతే. కట్టు విప్పుకున్నాడు, ఎక్కాడు. మా దగ్గర ఏ కాగితముంది కాదనడానికి?

బహద్దూర్ బుద్ధిగా కదిలింది. ముందు ఎవరూ లేకుండానే వీధిలోకి నడిచింది. ఎంత చక్కగా నడిచిందో చూసి నాకు ఏడుపొచ్చింది. అరిచేవాడు లేడు కనుక ఎవరూ లేవలేదు. చంద్రమ్మ జొన్నలు దంచుతూనే ఉంది. బాలనర్సయ్య మంచం మీద అటు తిరిగి పడుకునే ఉన్నాడు. దొర అది చూశాడు. కళ్లెం లాగాడు.

"ఒరే ఎల్లిగా, ముంగటికి రా."

"అవసరం లేదు దొరా. అది ఒక్కటే పోతది. ఇప్పుడు దానికి భయం లేదు," అన్నాడు ఎల్లేశం.

"దానికి లేకుంటే నాకేందిరా? నేను ఒక్కన్నే పోవాల్నా? ఉర్కు."

ఎల్లేశం కదలలేదు. ఆయనను కొట్టే రోజులు కావని దొరకు తెలుసు. అందుకని కొరడా గుర్రం మీద పడింది. ఒకటి, ఇంకొకటి. గుర్రం గిర్రున తిరిగింది. కళ్లు తెల్లబడ్డాయి, భుజాలు వణికాయి, మెడ తడిసింది. మా ఇన్ని నెలల కష్టం ఒక్క క్షణంలో బుగ్గిపాలైంది. అది తల ఎత్తి పిచ్చిగా వెతికింది. దేనికోసం వెతుకుతోందో మా ఇద్దరికే తెలుసు.

ఎల్లేశం కాలు లేచింది. దొర కోసం కాదు, ఆ పశువు బాధ చూడలేక. అయినా ఒకసారి ముందు నిలబడ్డాడంటే ఇక చచ్చేదాకా నిలబడవలసిందే. దొర ముఖాన నవ్వు వచ్చింది. "ఆఁ, గట్ల రా," అన్నాడు.

ఎల్లేశం ఒక్క అడుగు వేశాడు. ఆ నవ్వు చూశాడు. నడివీధిలో చెడ్డ కాలు చాపుకుని కూర్చున్నాడు.

గుర్రం ముంగాళ్లు ఎత్తింది. దొర భయపడి జారినట్టే కిందికి దిగాడు. కళ్లెం పట్టి గుంజాడు, అది రాలేదు. జనం వైపు చూశాడు, ఒక్కరూ కదలలేదు. చంద్రమ్మ రోకలి ఆపి చూస్తోంది. చివరికి దొర కళ్లెం చేతికి చుట్టుకుని, గుర్రానికి వీపు తిప్పి, గడి వైపు నడవడం మొదలుపెట్టాడు. వీపు కనబడగానే బహద్దూర్ తల దించుకుని వెంట నడిచింది. అంత ఎండలో ఊరందరి ముందూ దొర నడుస్తున్నాడు, వెనక గుర్రం.

"మన గుర్రం," అన్నాను. కోపంతో కిందికి వంగాను. చేతికి రాయి కూడా దొరికింది.

ఎల్లేశం నా చేతిలో రాయి తీసి పక్కన పెట్టాడు. ఆయన కళ్లూ తడిగానే ఉన్నాయి.

"పోయింది," అన్నాడు. "గని జర చూడు రుక్కా. ఇయ్యాల దాని ముంగట నేను లేను."